మెడల్స్ పెట్టుకుని రమ్మన్నారు

తెలుగు వార్తా ఛానళ్ళ సంపాదకులకు, యాంకర్లకు ఒక మాజీ హవల్దారు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

పహల్గాం ఉగ్రదాడి తర్వాత పాకిస్థాన్‌తో ఘర్షణ నడిచిన 2025 మే నెలలో మీలో ఒక ఛానల్ నుంచి నాకు ఫోను వచ్చింది. ఏ ఛానలో చెప్పను. ఒకరి పేరు చెబితే మిగతావారు అది తమ గురించి కాదని ఊపిరి పీల్చుకుంటారు. రాత్రి ఎనిమిది గంటల చర్చకు రావాలన్నారు. ‘మెడల్స్ పెట్టుకుని రండి సార్, స్క్రీన్ మీద బాగుంటుంది’ అన్నారు. సరేనన్నాను. ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున పాత స్వెట్టర్ల కింద ఉన్న మెడల్స్ తీసి, చింతపండుతో తోమి, రాత్రి బస్సెక్కి హైదరాబాదు వచ్చాను.

మీ మేకప్ గదిలో ఒక కుర్రవాడు నా బట్టతలకు పౌడరు అద్దుతుంటే, 25 ఏళ్ళ అమ్మాయి ఒకరు కాగితం పట్టుకుని వచ్చి నా వివరాలు రాసుకున్నారు. నా గుండె మీది మెడల్స్ వంక చూసి, ఒకదాని రిబ్బన్ మీదున్న చిన్న లోహపు పట్టీ దగ్గర ఆగారు. ‘దీని మీద శ్రీలంక అని ఉందేమిటి సార్? శ్రీలంకతో మనకు యుద్ధం ఎప్పుడు జరిగింది?’ అని అడిగారు.

ఆ అమ్మాయిని తప్పు పట్టను. తనకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పని మీది, మీకన్నా ముందు బడి పుస్తకాలది. అక్కడ నిలబడి మూడు ముక్కల్లో చెప్పాను. తనూ మర్యాదగా విన్నారు, కానీ కాగితం మీద రాసుకోలేదు. తర్వాత స్క్రీన్ మీద నా పేరు కింద ‘రక్షణ రంగ నిపుణులు, మాజీ కల్నల్’ అని వచ్చింది. హవల్దారుగా దిగిపోయిన వాడికి 18 ఏళ్ళ తర్వాత ఇంత పెద్ద ప్రమోషన్ ఇచ్చినందుకు మీకు కృతజ్ఞుణ్ణి. పెన్షన్ మాత్రం పాతదే వస్తోంది.

ఆ మూడు ముక్కలూ ఇక్కడ కాస్త విడమరిచి చెబుతాను. మీరు ఆ రాత్రి నాతో చేయించాలనుకున్న పని నేను ఎందుకు చేయలేకపోయానో అప్పుడు గానీ అర్థం కాదు.

మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు. వాన నమ్ముకుని బతకలేని నేల. మా వైపు మగపిల్లవాడు పదో తరగతి గట్టెక్కితే ఇంట్లో వాళ్ళు మిలిటరీ భర్తీ ఎప్పుడో కనుక్కుంటారు. దేశభక్తి ఉప్పొంగి వెళ్ళామని మీరు అనుకుంటే మాకూ సంతోషమే. నిజం మాత్రం వేరు. నెలనెలా జీతం, క్యాంటీను సరుకులు, చెల్లెలి పెళ్ళి, ఇవి చూసుకుని వెళ్ళాం. దేశం సంగతి అక్కడికి పోయాక నేర్పారు. నేర్పింది బాగానే నేర్చుకున్నాం. 1983లో నేను బెంగళూరులో మద్రాసు ఇంజనీర్ల దళంలో సాపర్‌గా, అంటే ఆ దళం సిపాయిగా చేరాను. అక్కడ మమ్మల్ని తంబీలంటారు. నాకు తమిళం అబ్బింది అక్కడే.

1987 జులై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. అక్కడ వేరే దేశం కోసం పోరాడుతున్న తమిళ పులుల చేత ఆయుధాలు కింద పెట్టించి, శాంతి నెలకొల్పడానికి మన సైన్యం వెళ్ళింది. దళం పేరే భారత శాంతి పరిరక్షక దళం. మొదట దిగినవాళ్ళకు యాళ్పాణంలో, మనం జాఫ్నా అంటామే అక్కడ, దండలు వేశారు. అక్టోబరు వచ్చేసరికి ఆ వీధుల్లోనే పులులతో యుద్ధం. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లటూనులో 30 మంది ఉంటే తెల్లారి ప్రాణాలతో మిగిలింది ఒక్కడు. వాడూ శత్రువుకు చిక్కాడు. 32 నెలల తర్వాత, 1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలీ వదిలేనాటికి మన వాళ్ళు సుమారు 1,200 మంది పోయారు.

నా పని మందుపాతరలు తీయడం. అక్కడ పీపాల నిండా పేలుడు మందు కూరి రోడ్ల కింద, కల్వర్టుల కింద పూడ్చేవారు. ముందు మేము నడవాలి, మా వెనక లారీలు కదలాలి. నేల వంక చూస్తూ నడవడం అలవాటైపోయి, ఇప్పటికీ పెళ్ళి ఊరేగింపులో కూడా తల వంచుకునే నడుస్తాను. సిగ్గనుకుంటారు జనం.

ఒక రోజు మధ్యాహ్నం తాటిచెట్ల మధ్య ఇసుక దారిలో ఒక ఇంటి ముందు ఆగాం. ఇంటి కప్పు సగం లేదు. గడపలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నాకు తమిళం వస్తుందని తెలిశాక లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. పైనుంచి పోసింది, చెంబు చేతికివ్వలేదు. తాగుతుంటే అడిగింది, ‘తంబీ, మీరు ఎందుకు వచ్చారు?’ అని. కోపం లేదు ఆ గొంతులో. చుట్టాన్ని అడిగినట్టు అడిగింది. నేను నీళ్ళు తాగడం ఆపి ఆలోచించాను. మీ కోసమే అనబోయాను, కప్పు లేని ఆ ఇల్లు చూసి నోరు రాలేదు. మా అధికారి వెనక నుంచి కదలమని కేక వేశాడు. కదిలాను. ఆ ప్రశ్న నాకు పై నుంచి ఎవరూ వేయలేదు, నేనూ పైకి వేయలేదు. వేయకూడదు కూడా.

ఇక్కడే మీకు అసలు సంగతి చెప్పాలి. సైనికుడికి ప్రశ్నించే హక్కు ఉండదు. ఇది నా అభిప్రాయం కాదు, రాజ్యాంగం 33వ అధికరణం. సైన్యంలో ఉన్నవారి ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించవచ్చని అది చెబుతుంది. 1950 నాటి సైనిక చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం సంఘం పెట్టుకోవడం, సభలకు పోవడం, పత్రికలతో మాట్లాడడం, అన్నిటికీ కళ్ళెం ఉంది. 41వ సెక్షన్ ప్రకారం యుద్ధరంగంలో ఆజ్ఞ కాదంటే 14 ఏళ్ళ దాకా జైలు. ఇవన్నీ ఉండవలసినవే అంటాను నేను. తుపాకీ ఉన్నవాడు రాజకీయం మాట్లాడితే ఏమవుతుందో మన ఇరుగుపొరుగు దేశాల్లో చూశాం. మేము ఆ హక్కును వదులుకున్నది, అది మీ దగ్గర భద్రంగా ఉంటుందన్న నమ్మకంతోనే. మమ్మల్ని ఎక్కడికి పంపుతున్నారు, ఎందుకు, ఎప్పుడు వెనక్కి పిలుస్తారు అని అడగవలసింది ఓటు వేసేవాళ్ళు, పార్లమెంటులో కూర్చున్నవాళ్ళు, పత్రికల వాళ్ళు. అంటే మీరు. వీధిలో అట్టముక్క మీద ‘యుద్ధం వద్దు’ అని రాసుకుని నిలబడినవాళ్ళు కూడా. వాళ్ళు అడిగేది తప్పు కావచ్చు. అడగనివ్వకపోతే మాత్రం మా తరఫున నోరున్నవాడు ఎవడూ మిగలడు.

ఇంత తేలిగ్గా ఈ మాట నాకు వచ్చిందనుకోకండి. 1989లో నేను వంతు ముగిసి మద్రాసు రేవులో దిగాను. సెంట్రల్ స్టేషన్‌లో రైలు కోసం ఉంటే ఒక కాలేజీ కుర్రవాడు వచ్చి చేతిలో కరపత్రం పెట్టాడు. మా దళం పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలు ఐపీకేఎఫ్‌కు ‘అమాయకులను చంపే దళం’ అని వాళ్ళు అర్థం చెప్పుకునేవారు. అదే అందులో అచ్చువేశారు. నేను యూనిఫాంలో ఉన్నాను. వాడు నా మొహంలోకి చూశాడు, ఏమీ అనలేదు, పక్కవాడికి ఇంకొకటి ఇవ్వడానికి వెళ్ళిపోయాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. రైలు మరుగుదొడ్డిలో చొక్కా మార్చుకుని మామూలు ప్రయాణికుడిలా ఊరికి వెళ్ళాను. మరుసటి ఏడాది మార్చిలో చివరి బృందాలు మద్రాసు చేరినప్పుడు, తమిళులను చంపి వచ్చిన సైన్యానికి స్వాగతం పలకలేనని ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. పేపర్లో చదివి వారం రోజులు నాకు అన్నం సయించలేదు.

కాబట్టి శాంతి సంఘాల మిత్రులకూ ఇక్కడ ఒక మాట. ఈ లేఖ మీకు కాదు గానీ, పక్కనే ఉన్నారు కదా, వినండి. మీ కోపానికి చిరునామా ఢిల్లీ. మీరు దాన్ని రేవులో ట్రంకు పెట్టె మోసుకుంటూ దిగుతున్న వాడికి అందించారు. అందిన ఉత్తరానికి జవాబు రాసే హక్కు కూడా లేనివాడు వాడు.

అయితే కరపత్రంలో ఉన్నదంతా అబద్ధమా అంటే, అదీ చెప్పాలి. 1987 అక్టోబరు 21, దీపావళి పండగ. మన సైనికులు జాఫ్నా ఆసుపత్రిలోకి వెళ్ళారు. ఆ రోజూ మర్నాడూ అక్కడ రోగులు, డాక్టర్లు, నర్సులు 60 మందికి పైగా చనిపోయారు. ఎదురుకాల్పుల్లో పోయారని మన సైన్యం చెప్పింది. లోపల బతికి బయటపడినవాళ్ళు అలా చెప్పలేదు. నేను అక్కడ లేను. లేనంత మాత్రాన నాకు సంబంధం లేదనీ అనలేను, అదే యూనిఫాం కదా. ఆ కుర్రవాడి కరపత్రం నేను చింపలేదు. ఎందుకో తెలియదు, మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎన్నో బదిలీలు తిరిగాక ఎక్కడో పోయింది.

ఇక మీ స్టూడియోకు వద్దాం.

నాకు ఎదురుగా స్క్రీన్ మీద ఇంకో పెట్టెలో ఒక పెద్దావిడ కనిపించారు. రిటైరైన లెక్చరరు. అంతకు రెండు రోజుల ముందు పదిమందితో కలిసి యుద్ధం వద్దని అట్టముక్కలు పట్టుకుని ఒక కూడలిలో నిలబడ్డారట. ఆ వీడియో మీరు గిరగిరా తిప్పి వేశారు, ఎర్ర వలయం గీసి మరీ. చర్చ మొదలుకాక ముందే నా చెవిలో పెట్టిన యంత్రంలో ఎవరో చెప్పారు, ‘సార్, ఎమోషనల్‌గా మాట్లాడండి, గట్టిగా అడగండి ఆవిడని’ అని. యాంకరు గారు రెండు చేతులూ ఊపుతూ, సరిహద్దులో మంచులో ప్రాణాలు పణంగా పెట్టిన వీరుడు ఇక్కడ ఉన్నారు, ఈయన ముఖం చూసి చెప్పండి యుద్ధం వద్దని, అన్నారు. నేను మంచులో కన్నా ఇసుకలో ఎక్కువ ఉన్నానని చెప్పే వీలు లేదు. ఆవిడ నా ముఖం వంకే చూశారు. ‘హవల్దారు గారూ,’ అన్నారు, కల్నల్ అనలేదు, ఎవరి దగ్గర కనుక్కున్నారో, ‘మిమ్మల్ని లంకకు పంపినప్పుడు ఇక్కడ మాలో ఒక్కరైనా...’

‘మీకు సిగ్గుగా లేదా?’ అని అరిచారు యాంకరు గారు. తర్వాత నా వైపు తిరిగి, ఇలాంటివాళ్ళను ఏం చేయాలో మీరే చెప్పండి అన్నారు. ‘ముందు ఆవిడను అడగనివ్వండి, ఆ ప్రశ్న నాకు కావాలి’ అన్నాను. చిన్న విరామం అన్నారు. విరామం తర్వాత నా పెట్టెలో వేరే ఆయన ఉన్నారు. నేను అప్పటికి మీ మెట్లు దిగుతున్నాను.

నా అవమానం గురించి కాదు ఈ లేఖ. వేషం వేయడానికి పిలిచారు, వేషం కుదరలేదు, పంపించేశారు. మా ఊళ్ళో నాటకాల వాళ్ళు ఇంతకన్నా మర్యాదగా భోజనం పెట్టి పంపుతారు, అంతే తేడా. అదే నాటకాల్లో రాయబారం సీను చూసే ఉంటారు. అయిదూళ్ళిస్తే చాలు, యుద్ధం వద్దు అని కృష్ణుడంతటివాడు కౌరవ సభకు వెళ్ళి అడుగుతాడు. ఆయన్ను బంధించబోయినవాడు దుర్యోధనుడు.

నాకు నిజంగా కడుపు మండింది మే 8 రాత్రి. మా వీధిలో ఒక తల్లికి ఒక్కడే కొడుకు. జమ్మూ వైపు పోస్టింగు. ఆ రాత్రి కరాచీ రేవు తగలబడిపోతోందని ఛానళ్ళు పోటీలు పడి చెప్పాయి. వెనక ఆగకుండా సైరన్ మోత. పది దాటాక ఆవిడ మా ఇంటికి వచ్చింది, చేతిలో ఫోను, కొంగు నోటికి అడ్డం. ‘బాబాయ్, కరాచీ మనదైపోయిందని చెబుతున్నారు. మరి మావాడి ఫోను ఎందుకు కలవడం లేదు?’ అంది. అలాంటప్పుడు యూనిట్లో ఫోన్లు ఆపేస్తారమ్మా అని చెప్పాను. టీవీలో సైరన్ మళ్ళీ మోగింది. ఆవిడ ఆకాశం వంక చూసింది. మా ఊరి మీదికి ఏ విమానమూ రాదని నాకు తెలుసు, ఆవిడకు తెలియదు. తెల్లవారే దాకా మా అరుగు మీదే కూర్చుంది. నా భార్య టీ పెట్టి ఇచ్చినా తాగలేదు, గ్లాసు పట్టుకునే ఉంది.

తెల్లారాక చూస్తే కరాచీ రేవు చెక్కుచెదరలేదు. పూంఛ్‌లో ఫిరంగి గుండు తగిలి చనిపోయిన ఒక మదర్సా ఉపాధ్యాయుణ్ణి ఉగ్రవాదిగా చూపించిన ఛానళ్ళు కూడా ఉన్నాయి. అది అబద్ధమని అక్కడి పోలీసులే చెప్పవలసి వచ్చింది. సైరన్ మోతలు కార్యక్రమాల్లో వాడవద్దని మే 10న కేంద్ర హోం శాఖ మీకు ప్రత్యేకంగా ఆదేశం ఇవ్వవలసి వచ్చింది. ప్రమాద ఘంటికను డప్పుగా వాడవద్దని చదువుకున్నవాళ్ళకు సర్కారు చెప్పాలా?

మీ లెక్కలో సైనికుడు ఒక ఒడ్డున, ఆందోళనకారుడు రెండో ఒడ్డున ఉంటారు. 2015 ఆగస్టు 14 గుర్తుందా? ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ కోసం జంతర్‌మంతర్ దగ్గర జూన్ నుంచి కూర్చున్న మాజీ సైనికులను స్వాతంత్ర్య దినోత్సవ భద్రత పేరు చెప్పి పోలీసులు లాగిపారేశారు. చొక్కాలు చిరిగాయి. చిరిగిన చొక్కాల మీద మెడల్స్ వేలాడుతున్నాయి. ఆ జూన్‌లో నేనూ వెళ్ళి రెండు రోజులు కూర్చుని వచ్చాను. ఆ రోజు మేము వీరులమా, ఆందోళనకారులమా? మీ స్క్రీన్ మీద ఎర్ర వలయం ఎవరి చుట్టూ గీసేవారు? 2022 జూన్ 17న సికింద్రాబాదు స్టేషన్లో రైలు పెట్టెలు తగలబెట్టిన పిల్లలు ఎవరు? దేహ పరీక్ష, వైద్య పరీక్ష గట్టెక్కి, రాత పరీక్ష కోసం ఎదురుచూస్తూ ఉండగా, మూడు రోజుల ముందు ప్రకటించిన అగ్నిపథ్ వల్ల పాత భర్తీ అంతా రద్దని తెలుసుకున్నవాళ్ళు. తగలబెట్టడం తప్పే, అనుమానం లేదు. కానీ పోలీసు కాల్పుల్లో పోయిన ఆ వరంగల్ జిల్లా కుర్రవాడు కోరుకున్నది సైనికుడు కావాలనే. మా ఊరి పిల్లవాడు ఒకడు ఆ ఏడాది రోజూ వేకువనే చెరువు గట్టు మీద పరిగెత్తేవాడు. ఇప్పుడు ఒంగోలులో సెక్యూరిటీ గార్డు.

అగ్నిపథ్ కింద చేరే అగ్నివీరులకు నాలుగేళ్ళ కొలువు, నూటికి 25 మందే తర్వాత కొనసాగుతారు, పెన్షన్ లేదు. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం తండా బిడ్డ మురళీ నాయక్ 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో ప్రాణం ఇచ్చాడు. అతనూ అగ్నివీరుడే. ఆ శవపేటిక వెంట మీ కెమెరాలు పరిగెత్తాయి. నాలుగేళ్ళ కొలువు మీద, పెన్షన్ మీద ఒక్క రాత్రి ఎనిమిది గంటల చర్చ పెట్టారా? పెట్టి ఉంటే నేను చూడలేదు, క్షమించండి.

యుద్ధం వద్దనేవాళ్ళు సైన్యానికి శత్రువులని అంటారు కదా. మాజీ సైన్యాధిపతి జనరల్ నరవణే అదే మే నెలలో పుణేలో ఏమన్నారో చూడండి. యుద్ధం రొమాంటిక్ వ్యవహారం కాదు, మీరు చూసే హిందీ సినిమా కాదు అన్నారు. ఆజ్ఞ వస్తే వెళతాను, కానీ నా మొదటి ఎంపిక సంప్రదింపులే అన్నారు. ఒకే నోట రెండు మాటలు, రెండూ నిజాలు. ఆయన చుట్టూ వలయం గీయడానికి మీకు చేయి రాలేదు, ఎందుకంటే ఆయన జనరల్. పెళ్ళయిన ఆరు రోజులకే పహల్గాం ఉగ్రదాడిలో భర్తను, నౌకాదళం లెఫ్టినెంట్ వినయ్ నర్వాల్‌ను పోగొట్టుకున్న హిమాంశి, ముస్లింల మీద, కాశ్మీరీల మీద పగ వద్దు, శాంతి కావాలి, న్యాయం కావాలి అంటే, ఆ అమ్మాయిని ఎన్ని మాటలన్నారు జనం! ఆ జనానికి ఆ భాష నేర్పింది ఎవరు? రోజూ రాత్రి ఎనిమిదింటికి పాఠం చెప్పే బడి ఏది?

అడిగేవి ఎక్కువ లేవు. ప్రభుత్వం చెప్పేదాకా ఏ ఊరినీ తగలబెట్టకండి. ఎవరినైనా తిట్టాలనిపిస్తే మీ నోటితో తిట్టుకోండి, మా యూనిఫాం అడ్డం పెట్టుకోకండి. జమ్మూలో ఉన్న పిల్లవాడు మే 11 పొద్దున్నే తల్లికి ఫోను చేశాడు. ‘అమ్మా, అన్నం తిన్నావా?’ అని అడిగాడు, నిమిషం కూడా మాట్లాడలేదు. అది వార్త కాదని నాకూ తెలుసు.

మళ్ళీ ఎప్పుడైనా పిలిస్తే వస్తాను. బస్సు ఖర్చులు నావే. మెడల్స్ మాత్రం పెట్టెలో పెట్టేశాను, తీయను. ఆ లెక్చరరు గారిని కూడా పిలవండి. నన్ను లంకకు పంపినప్పుడు ఇక్కడ ఒక్కరైనా, అని ఆవిడ మొదలుపెట్టిన వాక్యం మధ్యలో మీరు విరామం తీసుకున్నారు. దాని చివర ఏముందో నాకు వినాలని ఉంది.

ఇట్లు,
మీ స్క్రీన్ మీద పది నిమిషాలు కల్నల్‌గా ఉన్న ఒక హవల్దారు